స్నాతకోత్సవం వీడియో తీయాలా? మైక్‌సెట్ అన్న దగ్గర మొదలుపెట్టండి

స్నాతకోత్సవంలో ఒక్కో విద్యార్థికి స్టేజీ మీద దక్కేది ఐదు సెకన్లు. పేరు పిలుస్తారు, నాలుగడుగులు వేస్తారు, పట్టా అందుకుంటారు, ఫొటోకి ఓ చూపు, అవతలి మెట్ల మీదుగా దిగిపోతారు. 300 మంది ఉన్నా పాతిక నిమిషాల్లో ఐపోతుంది. ఆ ఐదు సెకన్ల కోసం పొలం పని మానుకుని తెల్లవారుజాము బస్సెక్కిన నాన్న ఉంటాడు. డల్లాస్‌లో అర్ధరాత్రి మేలుకుని ఫోన్లో చూసే అక్క ఉంటుంది. పెళ్లిలో అయితే "దండ ఇంకోసారి వేయండి సార్" అనొచ్చు. గవర్నరు గారితో ఆ మాట అనలేం.

"నీ దగ్గర కెమెరా ఉందిగా, మన సెమినార్ తీసిపెట్టరా" అని హెచ్‌ఓడీ అడగ్గానే తలూపేసిన జర్నలిజం విద్యార్థులకూ, పెళ్లి ఆర్డర్లతో నెట్టుకొస్తూ పక్కనున్న యూనివర్సిటీ పని కూడా పట్టుకుందామనుకునే స్టూడియో కుర్రాళ్లకూ ఇది రాస్తున్నాను. ఉదాహరణగా స్నాతకోత్సవాన్నే తీసుకుంటాను. అది చేతనైతే సెమినార్లు, ఫ్రెషర్స్ డేలు, యువజనోత్సవాలు పెద్ద కష్టం కావు.

ముందు కాగితం

మొదట రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి 'మినిట్ టు మినిట్' అడగండి. ఊరేగింపు ఏ తలుపు నుంచి వస్తుంది, ప్రార్థన ఎవరు పాడతారు, నివేదిక ఎవరు చదువుతారు, బంగారు పతకాలు పట్టాలకు ముందా తరవాతా అన్నీ అందులో ఉంటాయి. ఇంకా తయారవలేదంటే పోయినేడాదిది ఇమ్మనండి. తేదీ, ముఖ్య అతిథి పేరు తప్ప అందులో పెద్దగా మారేదేమీ ఉండదు. ప్రోటోకాల్ చూసే ఉద్యోగి ఒకాయన ప్రతిచోటా ఉంటాడు. ఆయన నంబరు మీ ఫోన్లో ఉండాలి, మీ నంబరు ఆయన ఫోన్లో ఉండాలి.

ఏం ఇవ్వాలో రాతపూర్వకంగా తీసుకోండి. మొత్తం కార్యక్రమం ఒక ఫైలా? మూడు నిమిషాల క్లుప్తం కూడానా? పట్టా అందుకునే దృశ్యాలు పేరుపేరునా విడివిడిగా కావాలా? లైవ్ ఇవ్వాలా? 'వీడియో తీయాలి' అన్న రెండు మాటల మీద ఒప్పుకుంటే ఆ తర్వాత వచ్చే ప్రతి కోరికా మీ నెత్తినే పడుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయితే 18 శాతం కలిపి చెప్పారా, విడిగానా అన్నది కొటేషన్‌లోనే రాయండి. బిల్లు పాసై డబ్బు చేతికొచ్చేసరికి సెమిస్టరు మారిపోతుంది. లెన్సుల అద్దెకూ, మనుషుల బత్తాలకూ సరిపడా అడ్వాన్సు ముందే అడగండి. మొహమాటపడితే ఆ వడ్డీ మీరే కట్టుకోవాలి.

ఖాళీ హాలు

కార్యక్రమం ఉదయం పదకొండుకైతే ముందురోజు పదకొండుకే హాలుకెళ్లండి. సాయంత్రం వెళితే కుడివైపు కిటికీల్లోంచి ఎండ నేరుగా పోడియం మీద పడుతుందన్న సంగతి తెలియదు. వెనక వరస మధ్యలో నిలబడి చూడండి. అక్కడే మీ ప్రధాన కెమెరా. ట్రైపాడ్ కిందకు రెండడుగుల ఎత్తు బల్ల కావాలని అడగండి. జాతీయ గీతానికి హాలంతా లేచి నిలబడుతుంది, అప్పుడు మీ ఫ్రేములో స్టేజీ కనపడాలి గానీ జడలూ బట్టతలలూ కాదు. ఆ బల్ల మీద మీరు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. జూమ్ చేసినప్పుడు ఒక్క మనిషి అడుగు వేసినా బొమ్మ ఊగుతుంది.

బల్ల నుంచి స్టేజీకి, మిక్సర్‌కి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టుకోండి. మామూలు హెచ్‌డీఎంఐ వైరును పది పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం. అంతకంటే దూరమైతే ఎస్‌డీఐ వైరు అద్దెకు తెచ్చుకోవాలి. కరెంటు ఏ బోర్డు నుంచి తీసుకోవాలో హాలు ఎలక్ట్రీషియన్‌ని అడగండి. మైక్‌సెట్‌కి ఏ లైనో దాని నుంచే మీరూ తీసుకుంటే మంచిది. వేర్వేరు చోట్ల ఎర్త్ దొరికితే ఆడియోలో 'గుయ్' మంటూ సన్నటి మోత మొదలవుతుంది.

మాట

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. కొత్తవాళ్లు నెలల తరబడి ఏ కెమెరా కొనాలా అని కొట్టుకుంటారు. మాట ఎలా పట్టాలన్నది కార్యక్రమం రోజు ఉదయం ఆలోచిస్తారు. నేనూ అలా చేసినవాణ్నే.

నా మొదటి స్నాతకోత్సవం. ఏ యూనివర్సిటీయో అనవసరం. మిక్సర్ నుంచి ఓ వైరు తెచ్చి తిన్నగా కెమెరా మైక్ సాకెట్‌లో గుచ్చాను. స్క్రీన్ మీద మీటరు గంతులేస్తోంది, ఇంకేం, పడుతోందనుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. అంత జనంలో నెత్తిన అది తగిలించుకుని నిలబడాలంటే సిగ్గు. ఇంటికొచ్చి వింటే ముఖ్య అతిథి మాట్లాడిన 22 నిమిషాలూ చిరిగిన డప్పు వాయించినట్టుంది. పట్టాలప్పుడు పిలిచిన పేర్లలో ఒక్కటీ తెలియడం లేదు. బొమ్మ మాత్రం అద్దంలా వచ్చింది. నెల తర్వాత ఓ తండ్రి ఫోన్ చేశాడు. "బొమ్మ బానే ఉంది బాబూ, మా అమ్మాయి పేరు పిలిచింది వినపడట్లేదు. మా అమ్మకి పెట్టి వినిపించాలి, ఆమెకి కళ్లు ఆనవు." నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు.

జరిగిన తప్పు చిన్నదే. మిక్సర్ బయటికి పంపే సిగ్నల్ ఓ వోల్టు చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని లైన్ లెవెల్ అంటారు. కెమెరా మైక్ సాకెట్ ఎదురుచూసేది మిల్లీవోల్టుల్లో. చెంచాడు పట్టే చోట బిందెడు కుమ్మరించినట్టు. కెమెరాలో వాల్యూమ్ ఎంత తగ్గించినా అప్పటికే చిరిగిపోయిన మాట అతుక్కోదు. అందుకే మధ్యలో లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న డిజిటల్ రికార్డర్ ఒకటి పెట్టుకోండి. మీకున్న డబ్బుతో కొత్త లెన్సా, ఈ రికార్డరా అని సందేహం వస్తే రికార్డరే కొనండి. 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా సర్దుకోండి. ఉద్వేగంలో గొంతు పెంచేవాళ్ల కోసం ఆ పైన ఖాళీ ఉండాలి. మన ఉపన్యాసకుల్లో వాళ్లకి కొదవలేదు.

ఇక మైక్‌సెట్ అన్న. ఆయన స్పీకర్లు దింపుతున్నప్పుడే వెళ్లి పలకరించండి. హాలు నిండాక వెళితే ఆయన తల కూడా ఎత్తడు. అడగాల్సింది ఇలా: "అన్నా, ఒక ఆక్స్ ఖాళీ ఉందా? ప్రీ ఫేడర్‌లో ఇస్తావా?" ఈ రెండు ముక్కలు మీ నోట వింటే ఆయన మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. ఆక్స్ అంటే మిక్సర్ నుంచి మీకోసం విడిగా వచ్చే లైను. ప్రీ ఫేడర్ ఎందుకంటే, హాల్లో స్పీకర్లు కూత పెడితే ఆయన ఫేడర్ కిందికి లాగుతాడు, మళ్లీ పైకి తోస్తాడు. ఆ ఎత్తుపల్లాలు మీ రికార్డింగులోకి రాకూడదు. ఎక్స్‌ఎల్‌ఆర్, పావు అంగుళం జాక్ రెండు రకాల వైర్లూ, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే పిన్నులూ మీ సంచిలోనే ఉంచుకోండి. 'ఆయన దగ్గర ఉంటుందిలే' అనుకున్న పిన్ను ఆ రోజే ఉండదు.

మిక్సర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అందులో చప్పట్లు ఉండవు. నాదస్వరం, డప్పు లాంటి వాటికి మైకే పెట్టరు, కాబట్టి అవీ ఉండవు. కార్డ్‌లెస్ మైకు బ్యాటరీ అయిపోతే మాటా ఉండదు. అందుకని పోడియం లోపలి అంచుకు ఇంకో చిన్న రికార్డర్‌ని, లేదా విమాన మోడ్‌లో పెట్టిన పాత ఫోన్‌ని టేపుతో అంటించండి. నన్ను రెండుసార్లు గట్టెక్కించింది ఆ పాత ఫోనే. కెమెరా మీది మైకు కూడా ఆన్‌లోనే ఉండనివ్వండి. దాని మాట వాడకపోయినా, ఎడిటింగులో మిగతావాటిని జతపరచడానికి అది కావాలి.

జతపరిచేటప్పుడు ఓ చిన్న తకరారు వస్తుంది. శబ్దం సెకనుకు 340 మీటర్ల దాకా ప్రయాణిస్తుంది. మీ కెమెరా స్టేజీకి 34 మీటర్ల దూరంలో ఉంటే మాట అక్కడికి పదోవంతు సెకను ఆలస్యంగా చేరుతుంది, అంటే 25 ఫ్రేముల లెక్కలో రెండున్నర ఫ్రేములు. పోడియం దగ్గర పట్టిన మాటను కెమెరా మైకు మాటతో కచ్చితంగా కలిపారంటే పెదవి ముందు, మాట తర్వాత వస్తాయి. అప్పుడు చెవిని కాదు, పెదవిని చూసి కలపండి. 'ప', 'బ', 'మ' పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, వాటిని ఆనవాలుగా పట్టుకోండి.

చెవిని మొత్తం కప్పే హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి మాత్రం సిగ్గుపడకండి.

కెమెరాలు

మొదటిసారికి రెండు చాలు. మూడోది ఉంటే దాని బాగోగులు చూడ్డానికి మూడో మనిషి కావాలి. వెనక బల్ల మీది కెమెరా స్టేజీ మొత్తాన్ని పట్టి కార్యక్రమం మొదట్నుంచి చివరిదాకా కదలకూడదు, ఆగకూడదు. ఆ ఫ్రేము చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కానీ రెండో కెమెరా కార్డు మార్చుకుంటున్నప్పుడు, ఎవరో అడ్డొచ్చినప్పుడు మీ పరువు నిలబెట్టేది అదే.

రెండో కెమెరా స్టేజీ పక్కన. ఎటుపక్కన? అందరూ గవర్నరు గారి మొహం కనపడే వైపు నిలబడతారు. మీరు విద్యార్థి మొహం కనపడే వైపు నిలబడండి. గవర్నరు గారి వీడియోలు చాలామంది దగ్గర ఉంటాయి, ఆ పిల్లది మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. ముందురోజు రిహార్సల్‌లో విద్యార్థులు ఏ వైపు నుంచి ఎక్కి ఏ వైపు దిగుతున్నారో చూసి ఆ చోటు తేల్చుకోండి.

చోటు తేలాక ఫొటో అన్నతో ఒప్పందం. ఇది రాతలో ఉండదు గానీ దీన్ని మించిన ఒప్పందం లేదు. ఆయన పని క్లిక్కుమనిపించడం, అందుకోసం సరిగ్గా మీ లెన్సు ముందుకొచ్చి వంగుతాడు. అప్పుడు మీకు ఆయన జేబు తప్ప ఏమీ కనపడదు. ముందే ఇద్దరూ నిలబడి, నేల మీద టేపు గీత వేసి, "అన్నా, నువ్వు దీనికి అటు, నేను ఇటు" అనుకోండి. టేపు వేసింది ఎవరో గుర్తుంటుంది కాబట్టి గొడవ రాదు. బయటి నుంచి వచ్చే పత్రికల వాళ్లకు టేపు పట్టదు, వాళ్లతో మాత్రం ఓపికే.

సెట్టింగుల్లో మూడు చేత్తో పెట్టుకోండి. 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాల్లో దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. 1/60లో పెడితే గోడల మీద నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. రెండోది ఎక్స్‌పోజర్. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ తెర వెలుగు చూసి మొహాలను నల్లగా మార్చేస్తుంది. వేదిక మీద ఒకరిని నిలబెట్టి, మొహం సరిగ్గా కనపడేలా సర్ది అక్కడితో వదిలేయండి, తెర తెల్లబడితే తెల్లబడనీ. మూడోది వైట్ బ్యాలెన్స్. పోడియం దగ్గర తెల్ల కాగితం పట్టుకోమని చెప్పి సెట్ చేసుకోండి. లేకపోతే తెర మీద స్లైడు మారినప్పుడల్లా వైస్ ఛాన్సలర్ గారి రంగు మారుతుంది.

కార్డుల లెక్క బడి లెక్కే. సెకనుకు 50 మెగాబిట్లలో రికార్డు చేస్తే గంటకు ఇరవై రెండున్నర జీబీ. మూడు గంటలకు 68 దాకా. 128 జీబీ కార్డు ఉంటే మధ్యలో మార్చే పనే ఉండదు. కార్డు మీద 'వీ30' అని ఉందో లేదో చూడండి. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు కొన్ని అరగంటకు ఒక సెకను ముందు వాటంతట అవే ఆగిపోతాయి. చెప్పాపెట్టకుండా ఆగుతాయి. మీది అలాంటిదో కాదో ఇంట్లోనే గంటసేపు ఆన్ చేసి తేల్చుకోండి.

ఈ సామానంతా కొనేముందు ఓసారి చేత్తో పట్టుకుని చూడాలనుంటే, క్యాంపస్‌లోనే పెద్దలున్నారు. యూజీసీ 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలుపెట్టింది. దానికి పాఠాలు తయారుచేసే కేంద్రాలు కొన్ని యూనివర్సిటీల్లో వెలిశాయి. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ ఇఫ్లూలోనూ అలాంటివి ఉన్నాయి. అలాంటిచోట ఆడియో చూసే మనిషి ఒకరు పరిచయమైతే, నెలరోజులు యూట్యూబ్ పాఠాలు చూసినదానికంటే ఒక మధ్యాహ్నంలో ఎక్కువ నేర్చుకుంటారు.

ఆ ఉదయం

గవర్నరు వస్తున్నారంటే పోలీసులు హాలు తనిఖీ చేస్తారు. ఆ తర్వాత కొత్త పెట్టె ఏదీ లోపలికి రానివ్వరు. మీ మనుషుల పేర్లు, గుర్తింపు కార్డులు రెండ్రోజుల ముందే ప్రోటోకాల్ ఆయనకు ఇచ్చి పాసులు తీసుకోండి. డ్రోన్ తెస్తానని అడక్కుండా మాటివ్వకండి. డ్రోన్ల కోసం ఉన్న ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ క్యాంపస్ ఏ జోన్‌లో ఉందో చూడాలి, వీఐపీ వచ్చే రోజైతే పోలీసులూ ఒప్పుకోవాలి. నన్నడిగితే ముందురోజు సాయంత్రం ఎండలో క్యాంపస్‌ని పైనుంచి తీసుకోవడం నయం.

కెమెరా అడాప్టర్ మీద ఉన్నా లోపల నిండు బ్యాటరీ ఉండాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలో అడాప్టర్ మీదున్న రికార్డర్ ఆగిపోతే, మళ్లీ వచ్చాక దానంతటది మొదలుకాదు. జాతీయ గీతం 52 సెకన్లు. అప్పుడు మీరూ నిలబడతారు, కెమెరా తిప్పరు. ప్రధాన కెమెరా నడుస్తుంటుంది, అది చాలు.

పట్టాల వరస మొదలైందంటే రెండో కెమెరా మనిషి మరి కదలకూడదు. అంతకుముందే బయట వరండాలో తిరిగి కండువాలు సర్దుకుంటున్న పిల్లల్ని, పిన్నీసు పెడుతున్న అమ్మల్ని తీసుకోండి. మూడు నిమిషాల క్లుప్తానికి ప్రాణం పోసేవి ఇవే. సాంస్కృతిక కార్యక్రమాల్లో ఆడపిల్లల నాట్యం తీసేటప్పుడు లెన్సుకు ఓ మర్యాద ఉండాలి. అందులో ఏ ముక్క కోసి ఎక్కడ పెట్టుకుంటారో మన చేతుల్లో ఉండదు. నిండు ఆకారం పట్టండి, అభినయం ఉన్నప్పుడు మొహం పట్టండి.

లైవ్ అంటే

కంప్యూటరు, ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు ఉంటే పని నడుస్తుంది. యూట్యూబ్ ఛానల్లో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. కాబట్టి యూనివర్సిటీ ఛానల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వారం ముందే కనుక్కోండి. బదిలీ అయిపోయిన ఒకాయన దగ్గరుంటుంది, ఎక్కువసార్లు అంతే.

వైఫైని నమ్మొద్దు. ఖాళీ హాల్లో పరీక్షిస్తే పరుగెత్తే వైఫై, పదిహేను వందల ఫోన్లు లోపలికి రాగానే చతికిలబడుతుంది. మొబైల్ డాంగిల్ గతీ అంతే. కంప్యూటర్ సెంటర్ వాళ్లను బతిమాలి లాన్ వైరు వేయించుకోండి. ఆరు మెగాబిట్లలో పంపాలనుకుంటే అప్‌లోడ్ వేగం కనీసం పన్నెండు ఉండాలి. లైవ్ తెగినా కార్డులో రికార్డింగు ఆగకూడదు. సినిమా పాటలకు నాట్యం మొదలయ్యే ముందు లైవ్ ఆపేయడం మంచిది. యూనివర్సిటీలో పిల్లల కోసం ఆ పాట వాయించుకోవడం వేరు, దాన్ని ప్రపంచానికి ప్రసారం చేయడం వేరు. హక్కుదారుల పాట పట్టుబడితే యూట్యూబ్ లైవ్‌ని మధ్యలోనే ఆపేయగలదు.

ఇంటికొచ్చాక

భోజనం చేయకముందే కార్డులు రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి స్నేహితుడింట్లో. ఎడిటింగుకు డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ముందు ఆడియో, తర్వాత రెండు కెమెరాలు ఒకదాని మీద ఒకటి, ఆ తర్వాతే కోతలు. వందన సమర్పణలో కొంత కోయొచ్చు, పట్టాల వరసలో ఒక్క సెకను కూడా కోయొద్దు.

తెర మీద వేసే పేర్లు చెవితో విని రాయకండి. పరీక్షల విభాగం నుంచి జాబితా తెచ్చుకుని, తెలుగులో రాయాల్సినవి ఓ తెలుగు లెక్చరర్‌కి చూపించండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న పేరును చూసి అది కావ్యా, కవ్యా, పద్మజా, పద్మాజా అని మనం ఊహించకూడదు. డిస్కు మీద పెన్నుతో సంవత్సరం, స్నాతకోత్సవం సంఖ్య రాయండి. ఫైళ్ల పేర్లలోనూ అవే ఉండాలి. యూనివర్సిటీ లైబ్రరీకి కూడా ఒక ప్రతి ఇస్తానని అడిగి మరీ ఇవ్వండి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు, ఉస్మానియాకు అవి ఎప్పుడో దాటాయి. అలాంటి చోట పాత దృశ్యాల కోసం ఎవరో ఒకరు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటారు.

అందజేసేటప్పుడు ఆఫీసులో మనిషి పక్కన కూర్చుని ఫైలు ప్లే చేయించండి, మొదలూ మధ్యా చివరా, స్పీకర్లలో మాట పైకి పెట్టి. పేర్లు పిలిచే చోట ఐదు నిమిషాలు ఆగి వినమనండి. ముట్టినట్టు సంతకం తీసుకోండి. కార్డులు ఆ తర్వాతే ఫార్మాట్ చేయండి.